టవర్ ఎత్తాలా, డాబా మీది పైపుతో సరిపెట్టుకోవాలా: హామ్ రేడియో యాంటెన్నాకు ఏది కుదురుతుంది?

కొన్నేళ్ల కిందట ఒక మే నెల సాయంత్రం, హైదరాబాద్ శివార్లలో మా డాబా మీద నిలబెట్టిన పైపు మాస్ట్ (యాంటెన్నాను మోసే స్తంభం) గాలివానకు వంగిపోయింది. గాలి వీచింది ఇరవై నిమిషాలే. పైనున్న చిన్న యాగీ (ఒక దిక్కుకే గురిపెట్టే యాంటెన్నా) నడిమి కడ్డీ విరిగి పక్కింటివాళ్ల సోలార్ వాటర్ హీటర్ మీద పడి రెండు గాజు గొట్టాలు పగిలాయి. తప్పు పూర్తిగా నాదే. పైపును లాగిపట్టే మూడు స్టే వైర్లలో ఒకదాన్ని పిట్టగోడకు మేకు కొట్టి కట్టాను, ‘తర్వాత సరిచేద్దాంలే’ అనుకుని. మర్నాడు గొట్టాలకు డబ్బులివ్వడానికి వెళ్తే పక్కింటి ఆంటీ కాఫీ ఇచ్చి, “ఈసారి ఇంకా పెద్దది పెడతావా ఏంటి బాబూ?” అని అడిగారు. దానికి జవాబు వెతుక్కోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

హామ్ రేడియో అంటే లైసెన్సు తీసుకుని సరదాగా నడుపుకునే రేడియో. ఆ లైసెన్సు చేతికి వచ్చి, సెకండ్‌హ్యాండ్‌లో ఒక హెచ్ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) సెట్టు కొన్నాక దాదాపు ప్రతి హామ్‌కీ ఈ ఊగిసలాట వస్తుంది. తీగ కట్టుకుంటే సరిపోతుందా, పైపు నిలబెట్టాలా, లేక ఒకేసారి టవర్ ఎత్తేస్తే పీడా పోతుందా? ఇంగ్లిష్‌లో దొరికే సలహా ఎక్కువగా అమెరికావాళ్లది. వాళ్ల ఇంటికి ఏటవాలు కప్పు, చుట్టూ పెరడు ఉంటాయి. కప్పు మీద నిలబడే వీలు లేదు కాబట్టి వాళ్లు టవర్‌ను నేల మీంచే లేపాలి. మనకు డాబా ఉంది, దాని మీద మెట్ల గది ఉంది, ఆ పైన నీళ్ల ట్యాంకు ఉంది. మన దగ్గర సగం టవర్ ఇల్లు కట్టినప్పుడే లేచిపోయింది. ఈ ఒక్క తేడా వల్ల వాళ్ల లెక్కలు చాలావరకు మనకు పనికిరావు.

ముందు తేల్చుకోవాల్సింది: ఎవరితో మాట్లాడాలి?

యాంటెన్నా ఎత్తు దేనికి కావాలో తెలియకుండా ఎంత ఎత్తు కావాలో తేలదు. హెచ్ఎఫ్‌లో అడ్డంగా కట్టిన డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపి రెండువైపులా చాపిన తీగ) నుంచి సిగ్నల్ ఏ కోణంలో పైకి లేస్తుందనేది దాని ఎత్తుని బట్టి ఉంటుంది. సగం తరంగ దైర్ఘ్యం ఎత్తులో ఉంటే ప్రధానంగా 30 డిగ్రీల దగ్గర, పూర్తి తరంగ దైర్ఘ్యం ఎత్తులో ఉంటే సుమారు 14 డిగ్రీల దగ్గర పోతుంది. పావు వంతు, అంతకన్నా తక్కువైతే దాదాపు నెత్తి మీదికే లేస్తుంది. సిగ్నల్ పైనున్న అయనావరణం అనే పొరను తాకి నేలకు దిగుతూ గంతులేస్తుంది, కోణం తగ్గేకొద్దీ ఒక్కో గంతులో ఎక్కువ దూరం పోతుంది.

అంకెల్లోకి తెస్తే, 14 మెగాహెర్ట్జ్‌లో సగం తరంగం అంటే పదిన్నర మీటర్లు. 7 మెగాహెర్ట్జ్‌లో 21 మీటర్లు. రెండంతస్తుల ఇంటి డాబా నేల నుంచి 7 మీటర్లు ఉంటుందనుకుంటే, దాని మీద ఒక్క 6 మీటర్ల జీఐ పైపు నిలబెడితే 13 మీటర్లు వచ్చేసింది. 14 మెగాహెర్ట్జ్‌లో యూరప్, జపాన్, ఆస్ట్రేలియా పట్టడానికి ఈ ఎత్తు చాలు. అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తు మీదున్నవాళ్లకు పైపు కూడా అక్కర్లేకుండానే ఈ ఎత్తు దాటిపోయింది.

ఇక 7 మెగాహెర్ట్జ్‌లో పొద్దున్నే తిరుపతి, విశాఖ, బెంగళూరు మిత్రులతో కబుర్లు చెప్పుకోవడమే మీ సరదా అయితే, ఎత్తు పెంచడం మీకు నష్టం. ఆ దూరాలు హైదరాబాద్ నుంచి సూటిగా కొలిస్తే ఐదారు వందల కిలోమీటర్లు దాటవు. సిగ్నల్ నెత్తి మీదికి లేచి అయనావరణాన్ని తాకి గొడుగులా కిందికి దిగాలి. ఆరేడు మీటర్ల ఎత్తులో కట్టిన డైపోల్ ఆ పని చక్కగా చేస్తుంది. బోలెడు ఖర్చుపెట్టి టవర్ ఎత్తి, “పక్క జిల్లావాళ్లకి ముందుకన్నా తక్కువ వినబడుతున్నానేంటి?” అని తల పట్టుకున్నవాళ్లను నేను చూశాను.

వీహెచ్ఎఫ్ (30 నుంచి 300 మెగాహెర్ట్జ్) వేరే లోకం. 145 మెగాహెర్ట్జ్‌లో కంటిచూపు దూరమే లెక్క. మీటర్లలో ఎత్తుకు వర్గమూలం కట్టి 4.12తో గుణిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. 13 మీటర్లకు దాదాపు 15 కిలోమీటర్లు, 25 మీటర్లకు 20 కిలోమీటర్ల పైచిలుకు. ఎత్తు రెట్టింపు చేసినా దూరం రెట్టింపు కాదని గమనించండి. అవతలివాడి ఎత్తు దీనికి కలుస్తుంది కాబట్టి గుట్ట మీద రిపీటర్ (సిగ్నల్‌ను అందుకుని తిరిగి పంపే స్టేషన్) ఉంటే మీ ఎత్తు పెద్దగా పట్టింపు కాదు. పైగా కేబుల్ మింగేది ఉంటుంది. ఆర్‌జీ-58 కేబుల్ 30 మీటర్లు వేస్తే 145 మెగాహెర్ట్జ్‌లో సుమారు 6 డెసిబెల్స్ పోతుంది, అంటే నాలుగు వంతుల్లో మూడు వంతుల పవర్ దారిలోనే వేడిగా మారిపోతుంది. టవర్‌కి లక్ష పెట్టి కేబుల్ దగ్గర పీనాసితనం చేస్తే పెళ్లికి పిలిచి పచ్చడి మెతుకులు పెట్టినట్టే.

మీ ఊళ్లో గాలి ఎంత?

దీన్ని ఎవరూ అడగరు, అందరూ గాలివాన మర్నాడే ఆలోచిస్తారు. భవనాల మీద గాలి ఒత్తిడి లెక్కకు మన దేశంలో వాడే ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. దాని ప్రకారం డిజైన్‌కి తీసుకోవాల్సిన మూల గాలి వేగం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విజయవాడ, విశాఖలకు 50 మీటర్లు. గంటకు చెప్పుకుంటే సుమారు 158, 180 కిలోమీటర్లు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. చదరపు మీటరుకు హైదరాబాద్‌లో సుమారు 118 కిలోలు, విశాఖలో 153 కిలోలు.

మూడు ఎలిమెంట్ల (అడ్డకడ్డీల) ట్రైబ్యాండ్ (మూడు బ్యాండ్లలో పనిచేసే) యాగీ గాలికి చూపించే వైశాల్యం అర చదరపు మీటరు అనుకుందాం. విశాఖలో ఆ గాలికి దాని మీద పడే తోపు 76 కిలోలు. 12 మీటర్ల టవర్ కొసన అది తోస్తుంటే, 12 మీటర్ల గడ్డపార చివర ఒక మనిషి పూర్తి బరువుతో వేలాడుతూ మొదట్లో ఉన్న పునాదిని పెకలిస్తున్నట్టు. ఇందులో టవర్ మీద పడే గాలిని ఇంకా కలపలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు సెల్ టవర్లు, కరెంటు స్తంభాలు ఎలా ఒరిగాయో చూసినవాళ్లకు ఈ అంకెలు కొత్తగా అనిపించవు.

నేల సంగతి కూడా దీనితోనే ముడిపడి ఉంది. గుంటూరు, ప్రకాశం వైపు నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది. అందులో లోతు తక్కువ పునాది ఏటేటా కాస్త కాస్త ఒరుగుతుంది. హైదరాబాద్‌లో రెండడుగులు తవ్వగానే రాయి తగులుతుంది. టవర్ నిలవడానికి రాయి మంచిదే, కానీ ఎర్తింగ్‌కి అదే శాపం. రాతినేలలో మామూలు ఎర్తింగ్ గుంత ఒక్కటి చాలదు. గోదావరి డెల్టాలో తడినేల వల్ల ఎర్తింగ్ హాయిగా కుదురుతుంది, పునాది మాత్రం వెడల్పుగా పోయాలి.

తర్వాతి ప్రశ్న: పైకి ఎక్కేదెవరు?

టవర్ నిలబెట్టే రోజు పదిమంది మిత్రులొస్తారు, బిర్యానీ తెప్పిస్తే ఇంకా వస్తారు. మూడేళ్ల తర్వాత రోటేటర్ (యాంటెన్నాను తిప్పే మోటారు) ఆగిపోయి, కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) కనెక్టర్‌లోకి నీళ్లు దిగి ఎస్‌డబ్ల్యూఆర్ (వెనక్కి తిరిగొచ్చే పవర్‌కి కొలత, 1కి దగ్గరుంటే మంచిది) 5కి పోయినప్పుడు ఎవరొస్తారు? ఆ రోజు మన వయసు మూడేళ్లు పెరిగి ఉంటుంది, మోకాళ్లదీ. చాలామంది కేబుల్ టీవీ కుర్రాణ్ని ఎక్కిస్తారు, నడుముకు తాడు కూడా లేకుండా. ఫుల్‌బాడీ హార్నెస్ లేకుండా ఎవరినీ ఎక్కించకండి. కుర్రాడు “ఏం కాదు సార్, అలవాటే” అంటాడు. అయినా ఎక్కనివ్వద్దు.

దీనితోపాటే ఇంకోటి ఉంది. ఆ ఇంట్లో మీరు ఎన్నాళ్లుంటారు? టవర్ పునాది మీతో రాదు. 1.2 మీటర్ల చదరం, ఒకటిన్నర మీటర్ల లోతు కాంక్రీటు అంటే ఐదు టన్నుల పైనే బరువు. ఇల్లు కొన్నవాడు దాన్ని పగలగొట్టించుకునే ఖర్చు మీ ధరలోంచే కోస్తాడు.

అనుమతులు, ఇరుగుపొరుగు, కరెంటు తీగలు

విమానాశ్రయాల చుట్టూ కట్టడాల ఎత్తుకు 2015 నాటి నిబంధనలున్నాయి. ప్రధాన విమానాశ్రయాలకు రంగుల్లో గుర్తించిన జోన్ల మ్యాపులు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఇస్తుంది. మీ ఇల్లు ఏ రంగులో పడిందో చూసుకోండి. హైదరాబాద్‌లో శంషాబాద్ ఒక్కటే అనుకోకండి, బేగంపేట, హకీంపేట, దుండిగల్ కూడా ఉన్నాయి. మీ లైసెన్సు షరతులు మళ్లీ ఒకసారి చదివి, మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో రాతపూర్వకంగా అడగండి. “అడిగితే కాదంటారు, అడక్కపోతే ఎవరూ పట్టించుకోరు” అనే సలహా మన దగ్గర బాగా చలామణీలో ఉంది. టవర్ పడి పక్కింటి కారు నుగ్గయిన రోజు ఆ సలహా ఇచ్చినాయన ఫోన్ ఎత్తడు.

పొరుగువాళ్ల మొదటి మాట “సెల్ టవరా?” అనే. నెలనెలా అద్దె వస్తుందనుకునేవాళ్లు కొందరు, రేడియేషన్ అని కంగారుపడేవాళ్లు ఇంకొందరు. ఇనుము దిగకముందే ఒక ఆదివారం వాళ్లను పిలిచి సెట్టు చూపించండి, జపాన్‌వాడితో మాట్లాడి వినిపించండి. తర్వాత వాళ్ల టీవీలో గీతలొచ్చినా, స్పీకర్‌లో మీ గొంతు వినబడినా మున్సిపాలిటీకి కాకుండా మీకు ఫోన్ చేస్తారు.

కరెంటు తీగల విషయంలో ఏ బేరమూ లేదు. టవర్ ఎటు పడినా, దాని పొడవుకి పైనున్న యాంటెన్నా పొడవు కలిపినా, 11 కేవీ తీగ అందకూడదు. మన వీధుల్లో ఆ తీగ చాలా ఇళ్ల పిట్టగోడకు చేయి చాపే దూరంలోనే ఉంటుంది. మీదీ అలాంటి ఇల్లే అయితే మీకు ఈ వ్యాసంలో తీగ యాంటెన్నా భాగం ఒక్కటే వర్తిస్తుంది. అదీ ఇంటికి రెండోవైపు.

ఇక ఒక్కోటీ

*తీగ.* ఇన్వర్టెడ్ వీ (నడుమ ఎత్తి, కొసలు దించిన డైపోల్) గానీ ఎండ్‌ఫెడ్ (ఒక కొసన కేబుల్ కలిపే తీగ) గానీ. నీళ్ల ట్యాంకు పైనుంచి రెండు చేతులూ కిందికి దించితే అయిపోయింది. 7.1 మెగాహెర్ట్జ్‌కి మొత్తం పొడవు 20 మీటర్లు, 14.15కి 10 మీటర్లు. కోనసీమలో ఉన్నవాళ్లకు కొబ్బరిచెట్టే మాస్ట్. అయితే చెట్టు ఊగుతుంది, తీగను బిగించి కడితే మొదటి గాలికే తెగుతుంది. చెట్టుకు గిలక కట్టి, తాడు దాని మీదుగా వేసి, రెండో కొసకు ఇటుకలు నింపిన పెయింటు డబ్బా వేలాడదీయండి. చెట్టు ఊగినప్పుడు డబ్బా పైకీ కిందికీ ఆడుతుంది, తీగ బిగువు మారదు. ఒక్కటే ఇబ్బంది, దింపు తీసేవాళ్లు డబ్బాను చూసి ఏదో చేతబడి అనుకుని తీసి పారేస్తారు. ముందే చెప్పి ఉంచండి. నగరంలోవాళ్లకు సంక్రాంతి నెల గండం: మాంజా తీగకు చుట్టుకుని, పిల్లలు లాగుతారు.

తీగను తక్కువగా చూడకండి. 100 వాట్లు, ఒక డైపోల్, ఎఫ్‌టీ8 అనే కంప్యూటర్ సందేశాల పద్ధతితో ఖండాలన్నీ పట్టినవాళ్లు ఎందరో ఉన్నారు.

*వర్టికల్.* నిలువుగా నిలబెట్టే యాంటెన్నా. చోటు తక్కువ పడుతుంది, కోణం తక్కువ, దూరానికి మంచిది. కానీ నేల మీద రేడియల్స్ (అడుగు నుంచి చుట్టూ పోయే తీగలు) పరచాలి, ఒకటో రెండో కాదు, పదహారైనా ఉంటే బాగుంటుంది. వరిచేల మధ్య, సముద్రపు ఒడ్డున ఇది వేరే మృగం. భీమిలి దగ్గర ఉప్పునీటి అంచున నిలబెట్టిన మామూలు వర్టికల్, ఊరిలోపలున్న పెద్ద యాంటెన్నాలకు పోటీ ఇవ్వగలదు. హైదరాబాద్ రాతినేల మీద అదే వర్టికల్ నీరసంగా ఉంటుంది. పైగా ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు చేసే రొదను డైపోల్‌కన్నా ఎక్కువ లాగుతుంది.

*డాబా మీద పైపు మాస్ట్.* నా ఓటు దీనికే, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను. 40 మిల్లీమీటర్ల మీడియం జీఐ పైపు మీటరుకు 3.6 కిలోలు తూగుతుంది. 6 మీటర్లు అంటే ఇరవై రెండు కిలోలు, ఇద్దరు మనుషులు నిలబెట్టగలరు. 50 మిల్లీమీటర్లదైతే ముప్ఫై కిలోలు. పైపు కాలు స్లాబ్ మధ్యలో ఆనకూడదు, కింద పిల్లర్ ఉన్నచోటే ఆనాలి. మీ ఇల్లు కట్టిన మేస్త్రీని పిలిచి పిల్లర్ ఎక్కడుందో గీత గీయించుకోండి. స్లాబ్‌కి రంధ్రాలు వేయకండి, ఆ తర్వాతి వానాకాలానికే బెడ్‌రూమ్‌లో ఉరుస్తుంది. అడుగున ఇనుప పలక వేసి, దాని మీద సిమెంటు దిమ్మెలు పేర్చినా నిలుస్తుంది.

స్టే వైర్లు మూడు వైపులా 120 డిగ్రీల ఎడంతో, పైపు ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర నుంచి కట్టాలి. పిట్టగోడ తొమ్మిదంగుళాల ఇటుక గోడే, లోపల ఇనుము ఉండదు, దానికి కట్టడం అంటే గోడను మీరే కిందికి లాగడం. (ఎలా తెలుసంటారా, పైన చెప్పిన గాజు గొట్టాలు.) మెట్ల గది పిల్లర్ల మొలకలు, డాబా అంచున వదిలేసిన పిల్లర్ కడ్డీలు దీనికి చాలా మంచివి. పై అంతస్తు ‘తర్వాత వేద్దాం’ అని మనవాళ్లు వదిలిన ఆ తుప్పు కడ్డీలు హామ్‌కి వరం. తుప్పును వైర్ బ్రష్‌తో గీకి, కడ్డీ సన్నబడిందేమో చూసుకుని మరీ కట్టండి. ప్రతి వైరుకూ ఒక టర్న్‌బకిల్ (తిప్పితే వైరు బిగిసే మర), ఉగాదికి ఒకసారి, దసరాకి ఒకసారి బిగువు చూడటం.

దీని మీద వీహెచ్ఎఫ్ వర్టికల్, కింద ఇన్వర్టెడ్ వీ, ఇంకా ఆశ ఉంటే తేలిక హెక్స్‌బీమ్ (గొడుగులాంటి చట్రం మీద తీగలతో చేసే దిక్కు యాంటెన్నా) లేదా రెండు ఎలిమెంట్ల బీమ్ (చిన్న యాగీ). అంతకు మించి ఎక్కించకండి.

*నేల మీంచి లాటిస్ టవర్.* ఇనుప కమ్మీలు అల్లినట్టుండే టవర్. 12 నుంచి 18 మీటర్లు, పైన రోటేటర్, దాని మీద మూడు ఎలిమెంట్ల యాగీ. ఇది పనిచేసినప్పుడు వచ్చే ఆనందం నిజమే, దాన్ని తగ్గించి చెప్పను. డైపోల్‌తో పోలిస్తే ఐదారు డెసిబెల్స్ లాభం. 100 వాట్ల సెట్టుకు 400 వాట్ల ఊపు వచ్చినట్టు. అవతలివాడి మీటర్ మీద ఒక ఎస్ యూనిట్ (సిగ్నల్ బలాన్ని చూపే మెట్టు). ఒక్క యూనిట్టేనా అనుకోవచ్చు. ఒకే స్టేషన్‌ను అందరూ ఒకేసారి పిలిచే కిక్కిరిసిన పైలప్‌లో ఆ ఒక్క యూనిట్టే ‘మళ్లీ చెప్పండి’కీ ‘73’కీ (శుభాకాంక్షలతో సెలవు) మధ్య తేడా. అంతకన్నా ముఖ్యం దిక్కు తిప్పుకునే వీలు: బీమ్‌ను వాయవ్యానికి పెట్టి యూరప్ వింటుంటే వెనకనుంచి వచ్చే రొద తగ్గిపోతుంది.

కానీ మీ ఇంట్లో రొద ఎంతో ముందు కొలవండి. బ్యాండ్ ఖాళీగా ఉన్నప్పుడే మీటర్ ఎస్7, ఎస్8 చూపిస్తుంటే, టవర్ వల్ల మీ గొంతు పెరిగినంతగా మీ చెవి పెరగదు. లోకమంతా మిమ్మల్ని పిలుస్తుంటుంది, మీకు వినబడదు. నోరు పెద్దది, చెవులు లేవు అని అలాంటి స్టేషన్‌ను హామ్‌లు మొసలి అంటారు. ముందు ఇంట్లో మెయిన్ స్విచ్ తీసి, సెట్టును బ్యాటరీ మీద నడిపి చూడండి. రొద సగం మీ ఇంటి ఛార్జర్లలోంచే వస్తోందని తేలితే, టవర్ ఖర్చులో నూరోవంతుతో పని అయిపోతుంది.

పిడుగుల సంగతి. టవర్ మూడు కాళ్లకూ మూడు ఎర్త్ రాడ్లు, అవన్నీ ఒకదానితో ఒకటి, ఇంటి ఎర్తింగ్‌తో కలపాలి. కోయాక్స్ ఇంట్లోకి వచ్చేచోట సర్జ్ అరెస్టర్ (పిడుగు ఊపును నేలకు మళ్లించేది) ఆ ఎర్త్‌కే కలవాలి. విడివిడి ఎర్తింగ్ గుంతలు విడివిడిగా వదిలేస్తే, పిడుగు ఒకదాంట్లోంచి ఇంకోదానికి పోయే దారి మీ రేడియో సెట్టే అవుతుంది.

*మడత టవర్.* అడుగున పెద్ద బందు పెట్టి, వించ్‌తో పడుకోబెట్టేది. లేక ఒకదానిలో ఒకటి దూరి దిగిపోయేది. స్థానికంగా వెల్డర్‌తో చేయించుకున్నవాళ్లూ ఉన్నారు, కానీ డిజైన్ లెక్క మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరు చేతే వేయించండి. కోస్తాలో ఉన్నవాళ్లకు టవరంటూ పెడితే ఇదే పెట్టమంటాను. తుపాను హెచ్చరిక ఈ రోజుల్లో రెండు మూడు రోజుల ముందే వస్తుంది. సాయంత్రం టవర్ పడుకోబెట్టి, యాగీని తాళ్లతో నేలకు కట్టేసి పడుకోవచ్చు. ఎక్కాల్సిన పని లేదు కాబట్టి అరవై దాటినవాళ్లకూ ఇదే. పడుకోబెట్టడానికి టవర్ పొడవంత ఖాళీ స్థలం కావాలి, నగరంలో అది దొరకదు. ఉప్పుగాలికి వించ్ తీగ తుప్పు పడుతుంది, ఏటేటా మార్చాలి.

*అసలు ఎత్తే వద్దనుకుంటే.* 2018 నవంబరులో పంపిన ఎస్‌హైల్-2 ఉపగ్రహం మీద క్యూఓ-100 అనే హామ్ ట్రాన్స్‌పాండర్ (అందుకున్న సిగ్నల్‌ను తిరిగి కిందికి పంపే పరికరం) ఉంది. హైదరాబాద్ నుంచి చూస్తే పడమటి వైపు, దాదాపు 28 డిగ్రీల ఎత్తులో ఎప్పుడూ అక్కడే ఉంటుంది. పాత టీవీ డిష్‌ను పిట్టగోడ వెనక నేల మీదే పెట్టుకుని యూరప్, ఆఫ్రికాలతో మాట్లాడవచ్చు, అయనావరణం మూడ్ ఎలా ఉన్నా సరే. అమెరికా మాత్రం అందదు. పంపడానికి 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలు సొంతంగా కూర్చుకునే ఓపిక కావాలి, మీ లైసెన్సులో ఆ బ్యాండ్ ఉందో లేదో చూసుకోవాలి. ఇంజనీరింగ్ కాలేజీ క్లబ్ స్టేషన్ దగ్గర్లో ఉంటే ఇంకా సులువు.

| | ఎవరికి బాగా కుదురుతుంది | దేనిలో వెనకబడుతుంది | పైకి ఎక్కే పని | ఇల్లు మారితే |
|---|---|---|---|---|
| తీగ | 7 మెగాహెర్ట్జ్ కబుర్లు, అద్దె ఇల్లు, కొత్త లైసెన్సు | పైలప్‌లు, వీహెచ్ఎఫ్ | లేదు | సంచీలో వస్తుంది |
| వర్టికల్ | చేలు, సముద్రతీరం, దూరాలు | రాతినేల, రొద ఎక్కువున్న నగరం | లేదు | వస్తుంది, రేడియల్స్ మళ్లీ పరచాలి |
| డాబా పైపు | సొంత డాబా ఉన్న దాదాపు అందరికీ | పెద్ద యాగీలు మోయదు | పైపు దించితే చాలు | వస్తుంది |
| లాటిస్ టవర్ | సొంత స్థలం, డీఎక్స్ (దూరదేశాలతో మాటలు), కాంటెస్టులు | తుపాను ప్రాంతం, ఇరుకు వీధి | తప్పదు, ఏటా | పునాది పోతుంది |
| మడత టవర్ | కోస్తా, పెద్దవయసువాళ్లు | స్థలం, వించ్ నిర్వహణ | లేదు | పునాది పోతుంది |

మీరెవరైతే ఏది

అద్దెకుంటే చర్చే లేదు, తీగ. ఓనర్ పైకి వచ్చినప్పుడు బట్టలారేసే తీగలా కనిపించాలి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే అసోసియేషన్ మీటింగులో “టవర్” అనే మాటే ఎత్తకండి, “యాంటెన్నా పైపు” అనండి, కొలతలు కాగితం మీద ఇవ్వండి, మినిట్స్‌లో రాయించండి. కార్యవర్గం మారినప్పుడు ఆ కాగితమే కాపాడుతుంది.

తుపానుల్లో సాయపడాలనే ఆశతో టవర్ ఎత్తాలనుకునేవాళ్లు కోస్తాలో చాలామంది ఉన్నారు. 2004 డిసెంబరు సునామీ నాడు పోర్ట్ బ్లెయిర్‌లో, డీఎక్స్‌పెడిషన్ (అరుదైన చోటికి వెళ్లి అక్కడి నుంచి స్టేషన్ నడపడం) కోసం వెళ్లిన భారతీ ప్రసాద్, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో మిత్రులు కొద్దిరోజుల కోసం హోటల్‌లో పెట్టుకున్న స్టేషన్‌తోనే బయటి ప్రపంచానికి కబురు అందించారు. ఆపదలో కావాల్సింది గంటలో మళ్లీ కట్టుకోగల తీగ, నిండా ఛార్జయిన బ్యాటరీ. ఆ పనికి టవర్ అవసరం లేదు, టవర్ ఉన్నా తీగ చుట్ట ఒకటి అటక మీద ఉంచుకోండి.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకు ఒక మాట. స్థానిక ప్రభుత్వాలు హామ్ యాంటెన్నాలకు సముచితంగా వీలు కల్పించాలని అక్కడి రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1985లోనే పీఆర్‌బీ-1 అనే ఉత్తర్వులో చెప్పింది. కానీ మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, అంటే హెచ్ఓఏకి అది వర్తించదు. ఇల్లు కొనేముందే ఆ ఒప్పందంలో యాంటెన్నా అనే మాట వెతకండి. సంతకం అయ్యాక అటకలోని డైపోలే దిక్కు.

సొంత స్థలం, పదేళ్లు కదలని ఉద్యోగం, డీఎక్స్ పిచ్చి, ఎక్కగల ఒళ్లు లేదా మడత టవర్‌కి చోటు, ఇవన్నీ ఉంటే ఎత్తండి, నేను ఆపను. ఒక్క షరతు: ముందు ఏడాది పాటు డాబా పైపుతో ఆడి, లాగ్‌లో ఎవరెవరిని విని కూడా పట్టలేకపోయారో రాసుకోండి. ఆ జాబితా చిన్నదైతే మీకు టవర్ అక్కర్లేదు. పెద్దదైతే అది ఏ బ్యాండ్‌లో పెద్దదో చూడండి. సూర్యుడి పదకొండేళ్ల చక్రం 2024 అక్టోబరు నాటికే గరిష్ఠ దశకు చేరిందని అమెరికా సంస్థలు నాసా, నోవా ప్రకటించాయి. ఇక దిగేదే, దానితోపాటే 28 లాంటి పై బ్యాండ్లూ మూగబోతాయి. 28 మెగాహెర్ట్జ్‌లో ఈ మధ్య తీగతోనే దొరికిన సంబరం చూసి ఆ బ్యాండ్‌కి పెద్ద యాగీ కొంటే, నాలుగైదేళ్లలో అది కాకులు వాలే కొమ్మ అవుతుంది. 14, 7 మెగాహెర్ట్జ్‌ల మీద పెట్టిన డబ్బు మాత్రం చక్రం అడుగున కూడా పనికొస్తుంది.

నేనేం చేశానంటారా? పాత పైపు తీసేసి 50 మిల్లీమీటర్లది వేశాను, స్టేలు పిల్లర్ కడ్డీలకు మార్చాను, పైన రెండు ఎలిమెంట్ల బీమ్. ఆంటీ వాళ్ల కొత్త హీటర్ మీద ఒక ఇనుప జాలీ నేనే వేయించాను.

సెకండ్‌హ్యాండ్ టవర్ చవగ్గా దొరికిందని వెళ్లేవాళ్లు వెంట ఒక చిన్న సుత్తి తీసుకెళ్లండి. గొట్టం కాళ్లయితే అడుగు నుంచి రెండడుగుల దాకా తట్టి చూడండి. ఖంగుమంటే సరే. మట్టికుండలా బొదబొదమని మోగితే లోపల నీళ్లు నిలిచి తుప్పు తినేసినట్టు, పైన రంగు ఎంత మెరిసినా తేవద్దు. సరేననుకుంటే, బేరం ఆడేముందే లారీ కిరాయి, విప్పే కూలీ కనుక్కోండి.